రెండో తాళంచెవి ఎవరి జేబులో ఉంది?

పోస్టు కొంచెం పొడుగుంటది, ఓపిగ్గా చదవండి. అడ్మిషన్లు, స్కాలర్‌షిప్ రెన్యువల్స్ మొదలయ్యాక ఎవరికీ తీరిక ఉండదు, అందుకే ముందే రాస్తున్నాం.

మేము సారపాక, బూర్గంపాడు, చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న పిల్లలం. మాలో ఎక్కువమంది ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ మధ్య కాలేజీల్లో ఒక మాట బాగా వినబడుతోంది: "మీ మెయిల్‌కి, స్టూడెంట్ అకౌంట్లకి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి" అని. మల్టీ ఫ్యాక్టర్ అథెంటికేషన్ అన్నా కొంచెం అటూ ఇటూగా అదే. ఏటీఎం దగ్గర కార్డు చేతిలో ఉండాలి, పిన్ను బుర్రలో ఉండాలి, ఒక్కటే ఉంటే డబ్బు రాదు. ఇక్కడ పాస్‌వర్డ్ ఒక తాళం, ఫోనుకొచ్చే కోడు రెండో తాళం. పాస్‌వర్డ్ కొట్టేసినవాడికి ఫోను కూడా దొరకాలి కదా, అక్కడ ఆగిపోతాడు. ఇది పెట్టుకుంటే అకౌంట్ల మీద జరిగే దాడుల్లో 99.9 శాతానికి పైగా ఆగిపోతాయని 2019లో మైక్రోసాఫ్ట్ వాళ్ళే చెప్పారు.

మంచిదే, పెట్టుకోవాలి. కానీ చెప్పేవాళ్ళు ఒక సంగతి అనుకొని చెబుతున్నారు. ప్రతి విద్యార్థికి సొంత ఫోను, సొంత నంబరు, ఎప్పుడూ రీఛార్జి, ఎప్పుడూ సిగ్నల్ ఉంటాయని. మన దగ్గర లెక్క వేరు. రెండో తాళంచెవి మన దగ్గర లేకపోతే ఆ తాళం దొంగకి కాదు, మనకే పడుతుంది.

మీరే ఒకసారి చూసుకోండి. మీ ఆధార్‌కి ఏ నంబరు లింకు ఉంది? ఈపాస్‌లో ఏ నంబరు ఉంది? డిజిలాకర్‌లో? మేము హాస్టల్లో ఒక రాత్రి కూర్చొని ఒకరినొకరం అడిగి చూసుకున్నాం. ఒకరిది నాన్న నంబరు. ఆ ఫోను మిర్చి కోతలకు పోయినప్పుడు ఆయనతోనే పోతది. ఒకరిది అన్న నంబరు, అన్న హైదరాబాదులో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. ఇంకొకరిది ఇంట్లో ఫోనే లేని రోజుల్లో ఫారం నింపిన నెట్ సెంటరాయన నంబరు. ఆ షాపు ఎప్పుడో మూసేశారు. ఓటీపీ మాత్రం ఇప్పటికీ ఆయనకే వెళ్తోంది.

నంబరు సంగతి ఇంకోటి కూడా తెలుసుకోవాలి. సిమ్ 90 రోజులు వాడకుండా, బ్యాలెన్స్ లేకుండా పడేస్తే కంపెనీ ఆపేయొచ్చు. ఆపేసిన నంబరును ఇంకో 90 రోజులు దాటాక వేరేవాళ్ళకు ఇచ్చేయొచ్చు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ముందు ట్రాయ్ ఈ మాటే చెప్పింది. పాత నంబరు మీదున్న వాట్సాప్‌ను, అందులోని డేటాను తీసేసుకోవలసింది వాడినవాళ్ళేనని కోర్టు కూడా అంది. రీఛార్జికి డబ్బుల్లేక ఆరు నెలలు పక్కన పెట్టిన సిమ్ ఎక్కడో ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలోకి పోవచ్చన్నమాట. మన కోడు అతని ఫోనులో మోగుతది.

"మన అకౌంట్లో ఏముందని దొంగలొస్తారు?" అని మావాళ్ళే నవ్వుతారు. ఎక్కడో విదేశాల్లో కూర్చున్న హ్యాకరు రానక్కర్లేదు తమ్ముడూ. దోస్త్ సంగతి గుర్తు చేసుకోండి. 2016లో తెలంగాణలో డిగ్రీ సీట్లన్నీ దోస్త్ ద్వారా ఆన్‌లైన్‌కి వచ్చాయి. మొదటి ఏళ్ళలో కొన్ని ప్రైవేటు కాలేజీల మనుషులు పిల్లల వివరాలు పట్టుకొని తామే రిజిస్ట్రేషన్ చేసి, తమ కాలేజీనే మొదటి ఆప్షన్‌గా పెట్టేసిన గొడవలు జరిగాయి. తర్వాత ఆధార్‌కి లింకైన ఫోనుకే ఓటీపీ అన్న నిబంధన పెట్టారు. పీఆర్వోలు ఊళ్ళోకి వచ్చి "మెమో, ఆధార్ ఇవ్వండి, ఫోనుకొచ్చిన నంబరు చెప్పండి, ఫీజు సంగతి మేం చూసుకుంటాం" అంటే, ఆ ఆరంకెలు చెప్పినవాళ్ళ సీటు వాళ్ళు అడగని కాలేజీలో, అడగని గ్రూపులో పడుతుంది. సీటంటే మనకి మూడేళ్ళ జీవితం. కోడు అడిగేవాడు ఎంత మంచిగా మాట్లాడినా, అన్నా అన్నా అన్నా, అతనికి చెప్పకూడదు. రెండో తాళం పెట్టుకొని చెవి చేతిలో పెట్టినట్టే అది.

స్కాలర్‌షిప్ సంగతి వేరే చెప్పాలా? ఈపాస్ దరఖాస్తులో ఆధార్, బ్యాంకు ఖాతా, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ వివరాలన్నీ ఒకేచోట ఉంటాయి. 2020లో ఝార్ఖండ్‌లో మైనారిటీ పిల్లల ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్పుల కుంభకోణం బయటపడింది. అక్కడ దళారులు జనం ఆధార్లు, వేలిముద్రలు, బడుల లాగిన్ వివరాలు వాడుకొనే డబ్బు తిన్నారు. పేదవాడి అకౌంటులో ఏమీ లేదనుకునేది పేదవాడొక్కడే.

ఓటీపీ గోల ఎందుకు, వేలిముద్ర చాలదా అంటారు కొందరు. మన తెలంగాణలోనే, పెద్దపల్లి జిల్లా ధర్మారంలో 2018లో ఒక సిమ్ కార్డుల వ్యాపారి దొరికాడు. భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీదున్న జనం వేలిముద్రలు ఇంటర్నెట్ నుంచి తీసి, వాటితో నకిలీ ముద్రలు చేయించి, వాళ్ళ పేరు మీద వేల సిమ్ములు యాక్టివేట్ చేశాడు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం కదా. అందుకే ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేసుకునే సౌకర్యం యూఐడీఏఐ ఇచ్చింది. అవసరమైనప్పుడు తెరిచి, పనయ్యాక మళ్ళీ మూసుకోవచ్చు. మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో కూడా సంచార్ సాథీలో చూడొచ్చు. మన పేరున మనకు తెలియని నంబరు కనిపిస్తే అక్కడే "ఇది నాది కాదు" అని కొట్టొచ్చు.

ఇప్పుడు మాకు నచ్చిన దారి చెబుతాం. కోడు ఎస్సెమ్మెస్‌లోనే రావాలని లేదు. అథెంటికేటర్ అని యాప్‌లున్నాయి, గూగుల్‌దుంది, మైక్రోసాఫ్ట్‌దుంది, డబ్బు కట్టక్కర్లేదు. మొదటిసారి స్క్రీన్ మీది క్యూఆర్ కోడు స్కాన్ చేస్తే ఒక రహస్య సంఖ్య మన ఫోనులో చేరుతుంది. అవతల సర్వర్లోనూ అదే ఉంటుంది. ఆ సంఖ్యను, అప్పటి టైమును కలిపి రెండు వైపులా లెక్క కడితే ఒకే ఆరంకెలు వస్తాయి, 30 సెకన్లకోసారి మారిపోతాయి. ఫోను దగ్గరే లెక్క జరుగుతుంది కాబట్టి సిమ్ అక్కర్లేదు, రీఛార్జి అక్కర్లేదు, టవరు అక్కర్లేదు. లాగిన్ కావాలంటే నెట్టు ఉండాలిలెండి, ఆ మాట నిజమే. కానీ భద్రాచలం నెట్ సెంటరులోనో, కాలేజీ ల్యాబులోనో కూర్చున్నప్పుడు నాన్నకి ఫోన్ చేసి "మెసేజ్ వచ్చిందా, నంబరు చదువు" అని అడిగే పని ఉండదు. చదవడం రాని నాన్న పక్కింటి వాళ్ళ దగ్గరికి పరిగెత్తే పనీ ఉండదు. ఒక్క జాగ్రత్త, ఫోనులో టైము సరిగ్గా ఉండాలి. గడియారం తప్పితే కోడు తప్పుతుంది.

ఈపాస్, దోస్త్, డిజిలాకర్ లాంటివి ఇంకా ఫోను నంబరు మీదే నడుస్తున్నాయి. వాటికి యాప్ పనికిరాదు, సొంత నంబరు ఒక్కటే దారి. యాప్ మొదట పెట్టుకోవలసింది మెయిల్‌కి. ఎందుకంటే చాలా సైట్లలో పాస్‌వర్డ్ మర్చిపోతే మార్చుకునే లింకు వచ్చేది మెయిల్‌కే. మెయిల్ పోయిందంటే మిగతావి దాని వెనకే పోతాయి.

ఫోనే పోతే? 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. బ్రిడ్జి మీద రాకపోకలు ఆగాయి, సారపాక, బూర్గంపాడు వైపు ఇళ్ళు మునిగాయి. అవి దోస్త్ రిజిస్ట్రేషన్ల రోజులు కూడా. అలాంటప్పుడు ఫోను తడిసిందంటే కోడు లేదు, అకౌంటూ లేదు. అందుకే గూగుల్ వాళ్ళు టూ స్టెప్ పెట్టుకున్నవాళ్ళకు ఎనిమిదంకెల బ్యాకప్ కోడులు 10 ఇస్తారు. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటే ఫోనుతోపాటే పోతాయి. కాగితం మీద రాసి ఒకటి హాస్టల్ పెట్టెలో, ఒకటి ఇంట్లో పట్టా కాగితాలుండే ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. మన సారపాకలో కాగితం ఫ్యాక్టరీ పెట్టుకొని కాగితానికి కరువా.

ఇక అధికారులను అడగాల్సింది ఒకటుంది. భద్రం భద్రం అని విద్యార్థికి చెప్పి వదిలేస్తే సరిపోదు. ఐటీడీఏ వాళ్ళు హాస్టళ్ళు తెరిచిన మొదటి నెలలోనే ఆధార్ నమోదు కిట్టు ఒక రోజు హాస్టల్‌కే పంపాలి, ప్రతి పిల్లకీ పిల్లాడికీ సొంత నంబరు లింకు చేయించాలి. పాత నంబరు పోయినవాళ్ళు మార్చుకోవడానికి తెలుగులో ఒక ఫారం, దాన్ని తీసుకునే ఒక మనిషి ఉండాలి. ఓటీపీ రాలేదని ఎవరి సీటూ, ఎవరి స్కాలర్‌షిప్పూ ఆగకూడదు. ముఖం చూసి, కాలేజీ గుర్తింపు చూసి పని చేసే ఒక కౌంటరు తెరిచి ఉంచాలి. తాళం బలంగా ఉండాలంటాం, కానీ ఇంటివాణ్ణి బయట నిలబెట్టే తాళం మాకొద్దు. ఈ మాటలతో ఒక అర్జీ రాస్తున్నాం. సంతకం పెట్టేవాళ్ళు కింద మీ మండలం పేరు రాయండి.

వచ్చే రెండు ఆదివారాలు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా హాస్టల్లోనే ఉంటాం. కొత్తగా ఇంటర్ అయిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆధార్, ఫోను, ఒక నోటుబుక్కు పట్టుకొని రండి. అమ్మానాన్నల ఫోనే ఉంటే వాళ్ళనీ తీసుకురండి. కీప్యాడ్ ఫోనున్నవాళ్ళూ రావచ్చు, ఎస్సెమ్మెస్ కోడుతో మొదలుపెట్టి బ్యాకప్ కాగితం రాసుకోవచ్చు. పక్కన కూర్చొని చూపిస్తాం, కానీ పాస్‌వర్డ్ మాకు చెప్పొద్దు. మీరే కొట్టండి, మేం అటు తిరుగుతాం.