సంపాదకుని మాట: మీటరు చెప్పవలసినది, దాచవలసినది

ముమ్మిడివరములోని యొక పెంకుటింట రోహిణీకార్తె రాత్రి ఏసీ యే గంటకు మొదలైనదో, ఇంటివారు పెండ్లికి పోయి యెన్నిదినములు తలుపు మూసిరో మీటరుకు తెలియును. ఆ లెక్క అరగంటకొకసారి నమోదై దూరమునకు చేరు స్మార్టు మీటర్ల కాలమున, విద్యుత్తు ఆదా చేసిన గృహస్థుడు దానిని రుజువు చేయుటకై తన దినచర్యనంతయు పరులముందు పఱచవలసినదేనా యను ప్రశ్నయే ఈ సంచికకు మూలము.

1985లో గోల్డ్‌వాసర్, మికాలీ, రాకాఫ్ అను పండితులు ప్రతిపాదించిన శూన్యజ్ఞాన నిరూపణము, అనగా రహస్యమును చెప్పకయే మాట సత్యమని రుజువు చేయు పద్ధతి, దీనికి దారి చూపుచున్నది. మీటరు తన అంకెలకు గూఢలిపి ముద్ర వేయును. ఆ ముద్ర మాత్రమే, సులభముగా మార్చరాని ఉమ్మడి పద్దైన బ్లాక్‌చెయిన్‌లో నిలుచును. వేసవి తీవ్రతను లెక్కగట్టిన పిమ్మట వాడుక నిర్ణీత పరిమితికి లోబడినదని, అంకెలు బయటపెట్టకయే, గణితము సాక్ష్యమిచ్చును. అయితే మీటరే తప్పు చదివినచో ఆ తప్పును బ్లాక్‌చెయిన్ పదిలపఱచునే గాని సరిదిద్దజాలదు. మీటరు తనిఖీకి ఈ పద్ధతి ప్రత్యామ్నాయము కాదని మా నిశ్చితాభిప్రాయము.

2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది; 2001 నాటి ఇంధన పొదుపు చట్టమునకు 2022లో వచ్చిన సవరణ, ఆదాకు రుజువు కోరు కర్బన క్రెడిట్ల వ్యాపారమునకు ద్వారము తెఱచినది. ఈ రెంటిని కలిపి చూడవలసిన బాధ్యత విద్యుత్ పంపిణీ సంస్థలది. పాఠకులు తమ అభిప్రాయములను వ్రాసి పంప ప్రార్థన.