ఇనుప ముక్క కాదు, యంత్రము కావలెను

మెకానికల్ ఇంజనీరింగు మొదటి సంవత్సరమున చేరిన విద్యార్థి చేతికి మొట్టమొదట వచ్చునది యంత్రము కాదు. సుమారు 50 మిల్లీమీటర్ల చదరపు మెత్తని ఉక్కు ముక్కలు రెండు. ఒకదానిలో ‘వి’ ఆకారపు గాడి కోసి, రెండవది అందులో సరిగా ఇమిడునట్లు ఆకురాయితో రాయవలెను. వడ్రంగి విభాగమున ఒక అతుకు, రేకు పని విభాగమున ఒక పళ్ళెము, కొలిమి దగ్గర గుండ్రని కడ్డీని నలుచదరముగా సాగగొట్టుట. మార్కులు పడిన పిమ్మట ఇవన్నియు ఒక మూల పాత ఇనుము గుట్టలో చేరును. ఆ తరువాత మూడేండ్లు సమీకరణములు. చివరి ఆరు నెలలలో ‘ప్రాజెక్టు’ అను పేరిట ఏదైనా ఒక యంత్రము చేసి చూపుమందురు. అప్పటికి చేయి మరచినది, మనసు ఉద్యోగ పరీక్షల మీదికి పోయినది. ప్రాజెక్టును బజారులో కొని తెచ్చువారును లేకపోలేదు.

ఈ వరుస తలక్రిందులుగా ఉన్నదని ఈ శాఖలో చదువుచున్న మా అభిప్రాయము. యంత్రము ముందు రావలెను, సమీకరణము దాని వెంట నడువవలెను, పరీక్ష ఆ రెంటిని కలిపి అడుగవలెను. ఇది అధ్యాపకులపై ఫిర్యాదు కాదు. వారును ఇదే వరుసలో చదివి వచ్చినవారే. ఇటీవలి సంవత్సరములలో మెకానికల్ శాఖలో సీట్లు తగ్గుచున్నవి. కంప్యూటరు శాఖల వైపే తల్లిదండ్రుల చూపు. ఇట్టి సమయమున మన శాఖలో ఏమి బోధించుచున్నాము, ఎట్లు బోధించుచున్నాము అని కళాశాల కమిటీ పెద్దలు ఒకసారి విచారింపవలెనని కోరుచున్నాము.

పైన చెప్పిన ఇనుప ముక్కల చదువు ఎక్కడిది? దీనికి నూటయేబది ఏండ్లకు మించిన చరిత్ర గలదు. మాస్కో సాంకేతిక విద్యాలయమున విక్టర్ డెల్లావోస్ అను అధిపతి 1868 ప్రాంతమున దీనిని నెలకొల్పెను. అంతకు ముందు పనివాడు గురువు చెంత ఏండ్ల తరబడి కొలువు చేసి, చూచి, చీవాట్లు తిని నేర్చుకొనెడివాడు. డెల్లావోస్ ఆ పనిని విడదీసి, ఇది మొదటి అభ్యాసము, ఇది రెండవది, ఇంత కష్టము తరువాత ఇంత కష్టము అని వరుస కట్టెను. ఒక్క ఉపాధ్యాయుడు ఒకేసారి అనేకులకు నేర్పు వీలు అప్పుడు కలిగినది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనమున ఈ అభ్యాసపు ముక్కలను చూచి ముగ్ధుడైన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయాధ్యక్షుడు జాన్ రంకిల్ దానిని అమెరికాకు కొనిపోయెను. అట్టి పద్ధతి దేశదేశములకు ప్రాకినది. మన వర్క్‌షాపులోని ‘వి’ గాడి ఆ వంశమునకు చెందినదే.

అయితే మాస్కోలో ఆ ముక్కలతో చదువు ముగియలేదు. అభ్యాసశాల దాటిన విద్యార్థి అదే విద్యాలయమునకు అనుబంధమైన నిర్మాణశాలకు వెళ్ళెడివాడు. అక్కడ బయటి నుండి వచ్చిన ఆర్డర్లపై నిజమైన యంత్రములు తయారగుచుండెను. ఇతరులు తెచ్చుకొన్నది మొదటి శాలను మాత్రమే. అక్షరాభ్యాసము చేయించి, వాక్యము నేర్పకుండ బడి మూసివేసినట్లున్నది!

యంత్రము ముందు, సిద్ధాంతము వెనుక అనుట చరిత్రకు కూడ విరుద్ధము కాదు. న్యూకొమెన్ ఆవిరి యంత్రము 1712లోనే బొగ్గు గనుల నుండి నీరు తోడ మొదలిడెను. ఆ ఉష్ణము పనిగా ఎట్లు మారుచున్నది, దానికి మేర ఎంత అని కార్నో గ్రంథము వ్రాసినది 1824లో. నూరేండ్లకు పైగా నడిచిన యంత్రమును చూచి పుట్టిన ప్రశ్నను మనము మొదటి గంటలోనే జవాబుగా నేర్చుకొనుచున్నాము. ప్రశ్న ఎన్నడును మన మనస్సులో పుట్టలేదు. జవాబు మాత్రము కంఠస్థము. అట్లని సిద్ధాంతమును చులకన చేయుట మా ఉద్దేశము కాదు. రుడాల్ఫ్ డీజిల్ మ్యూనిక్‌లో లిండే ఉపన్యాసములలో కార్నో సిద్ధాంతమును వినియే తన యంత్రమునకు పూనుకొనెను; 1897లో ఆగ్స్‌బర్గ్‌లో దానిని జయప్రదముగా నడిపెను. కాని ఆ రెండింటి నడుమ అతడు కర్మాగారమున గడపిన ఏండ్లు గలవు. మన పాఠ్యక్రమమున లేనివి ఆ ఏండ్లే.

1955లో అమెరికాలో వెలువడిన గ్రింటర్ నివేదిక ఇంజనీరింగు విద్యకు శాస్త్రమే పునాదియని గట్టిగా చెప్పినది. దాని ప్రభావమున అక్కడి కళాశాలలలో వర్క్‌షాపు గంటలు తగ్గి గణితము పెరిగినది. మన దేశమున ఆ నాళ్ళలో స్థాపితమగుచున్న విద్యాసంస్థలకు కూడ ఆ గాలి సోకినది. శాస్త్రము పెరుగుట మేలే. చేతికి చోటు లేకుండ పెరుగుటయే చిక్కు.

మరి ఏ యంత్రముతో మొదలిడవలెను? మా సూచన విని కొందరు నవ్వవచ్చును. పల్లెలలో బోరింగు అని పిలుచు చేతిపంపుతో మొదలిడుడు.

ఇండియా మార్క్-2 అను ఈ పంపు 1970వ దశకమున యూనిసెఫ్ తోడ్పాటుతో రూపొంది దేశమంతటను పాతుకొన్నది. దీనిని ఎరుగని విద్యార్థి మన తరగతిలో ఉండడు. పిడి, ఇరుసు, గొలుసు, కడ్డీలు, భూమిలో దిగిన గొట్టము, అడుగున ఇత్తడి తొడుగు గల సిలిండరు, అందులో తోలు వాషర్లు తొడిగిన పిస్టను, రెండు కవాటములు: ఇంతే దీని సంసారము. సిలిండరు లోపలి వ్యాసము 63.5 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణము 125 మిల్లీమీటర్లు. ఈ రెండు కొలతలు ఇచ్చి కూర్చుండబెట్టిన మొదటి సంవత్సరపు విద్యార్థియే లెక్క కట్టగలడు. ఒక్క ఊపుకు సుమారు 0.4 లీటరు, నిమిషమునకు 40 ఊపులు కొట్టిన సుమారు 16 లీటర్లు. బిందె పెట్టి, గడియారము చూచి కొలువుమనుడు. తక్కువ వచ్చిన ఎందుకు వచ్చినది? వాషరు అరిగినదా, కవాటము సరిగా కూర్చుండుట లేదా, కొట్టువాడు పిడిని పూర్తిగా ఎత్తుట లేదా?

నీరు 30 మీటర్ల లోతున ఉన్నదనుకొందము. పిస్టను మీది నీటి స్తంభపు బరువు సుమారు 95 కిలోలు. ఇంటి ఆడబిడ్డ దానిని ఒంటిచేతితో ఎట్లు ఎత్తుచున్నది? పిడి చేతులకు నడుమ నిష్పత్తి సుమారు 8కి 1. కనుక చేతికి తెలియు బరువు 12 కిలోలు. ఇప్పుడు పిడి చివర స్ప్రింగు త్రాసు తగిలించి లాగి చూడుడు. కాగితము మీది 12 అక్కడ రాదు. కడ్డీల బరువు ఒకవైపు, పిడికి గల సొంత బరువు మరియొకవైపు, తోలు రాపిడి ఇంకొకవైపు లాగుచుండును. లెక్కకు కొలతకు నడుమనున్న ఆ తేడాను వెదకుచు పోయిన వానికి స్థితిశాస్త్రము, ద్రవయాంత్రికము, ఘర్షణ అను మూడు పాఠములు ఒక్క మధ్యాహ్నమున ఎదురగును. వానిని మనము మూడు వేరువేరు పుస్తకములలో, ఒకదానికొకటి చుట్టరికమే లేనట్లు చదువుచున్నాము.

ఇంకను ఉన్నది. పిడికి కడ్డీకి నడుమ గొలుసు ఏల పెట్టిరి? పిడి కొన వలయాకారమున తిరుగును, కడ్డీ నిటారుగా పోవలెను; గొలుసు ఆ రెంటికి సంధి కుదుర్చును. కాని గొలుసు లాగగలదే గాని నెట్టలేదు. పిస్టను క్రిందికి దిగవలెనన్న కడ్డీల బరువే దిక్కు. అందుచేత నీరు పైననే ఉండి కడ్డీలు పొట్టివైన చోట ఈ పంపు మందగించును. ఒక యంత్రపు గుణమే మరియొక చోట దోషమగునని ఇంతకంటె స్పష్టముగా ఏ ఉపన్యాసము చెప్పగలదు? అరిగిన వాషరు మార్చుటకు మార్క్-2లో గొట్టములన్నియు పైకి లాగవలసి వచ్చెడిది. పనిముట్లతో కూడిన ముఠా కావలెను, అది వచ్చువరకు ఊరు నీటికి అల్లాడవలెను. తరువాత వచ్చిన మార్క్-3లో గొట్టమును వెడల్పు చేసి, కడ్డీలతో పాటు పిస్టను మాత్రమే పైకి వచ్చునట్లు మార్చిరి. చూచుటకు చిన్న మార్పు. బాగుచేయువాని కష్టమును గీతబల్ల దగ్గరనే తలచుకొనుట డిజైను అనుమాటకు నిజమైన అర్థమని అది నేర్పును. మన డిజైను పరీక్షాపత్రములలో ఇట్టి ప్రశ్న మాకు ఇంతవరకు కానరాలేదు.

“ఇదంతయు ఐ.టి.ఐ. పని, ఇంజనీరుకు తగినది కాదు” అను ఆక్షేపణ తప్పక వచ్చును. పంపును విప్పి బిగించుట వరకే అయినచో అది నిజమే కావచ్చును. కాని విప్పినదానిని కొలిచి, లెక్కగట్టి, లెక్క ఏల తప్పినదో చెప్పుట ఇంజనీరు పని కాక మరెవరిది? నేడు కంప్యూటరు తెరపై ముచ్చటగా గీసిన భాగములను చూచుచున్నాము. లోపలి మూలలు కత్తివలె పదునుగా ఉండును. గుండ్రముగా తిరుగు మిల్లింగు కట్టరు అట్టి మూలను కోయజాలదని గీసినవానికి తెలియదు. ఇరుసునకు తాళపు గాడి పెట్టి దాని మూలను పదునుగా వదలిన, అక్కడనే చీలిక పుట్టి ఇరుసు విరుగును. షెడ్డులో విరిగిన ఇరుసును ఒక్కసారి చేతబట్టి ఆ విరుగుడు ముఖముపై అలల వంటి గీతలు చూచినవాడు ఆ సంగతి మరువడు.

కాలము చాలదందురు. ఏ.ఐ.సి.టి.ఇ. 2018లో ప్రకటించిన నమూనా పాఠ్యక్రమము మొత్తము క్రెడిట్లను 160కి తగ్గించినది. విద్యార్థికి ఊపిరి దొరకవలెననియే ఆ తగ్గింపు. దొరికిన గంటలు ఏమైనవి? పోటీ పరీక్షల శిక్షణ వానిని మింగినదని విద్యార్థులందరికి తెలిసిన విషయమే. సిలబసు విశ్వవిద్యాలయముదని తప్పుకొనుటయు పూర్తిగా సరికాదు. అంతర్గత మార్కులు, వర్క్‌షాపులో చేయించు వస్తువులు, చిన్న ప్రాజెక్టుల ఎంపిక చాలవరకు కళాశాల చేతిలోనివే.

1970వ దశకమున మసాచుసెట్స్ విద్యాలయములోనే వుడీ ఫ్లవర్స్ అను ఆచార్యుడు డిజైను తరగతిలో ప్రతి విద్యార్థికి ఒకే విధమైన విడిభాగముల పెట్టె ఇచ్చి, ఒక పనిని చెప్పి, దానిని చేయు యంత్రమును కట్టుమని పోటీ పెట్టెను. రంకిల్ ముక్కలు తెచ్చిన చోటనే నూరేండ్లకు యంత్రము తిరిగి వచ్చినదన్నమాట. ఆ పెట్టెలో ఖరీదైనవి ఏవియు ఉండనక్కరలేదు. మన రాణిగంజ్ దుకాణములలో, విజయవాడ ఆటోనగర్ షెడ్లలో దొరకని విడిభాగమేది?

పరీక్ష సంగతి చెప్పక తప్పదు. ప్రయోగశాల రికార్డు అను నల్ల అట్ట పుస్తకము సీనియరు నుండి జూనియరుకు ఆస్తివలె సంక్రమించుచున్నది. అందులోని అంకెలు ఏటేట అవే. యంత్రము పాడై నిలిచిపోయిన ఏడాది కూడ ఫలితములు చక్కగానే వచ్చును! సరియైన జవాబుకే మార్కులు ఉన్నంతకాలము విద్యార్థి సరియైన జవాబునే నకలు చేయును. వచ్చిన కొలత తప్పుగా ఉన్నను దానిని దాచక వ్రాసి, తేడాకు కారణము వెదకినవానికి ఎక్కువ మార్కులు వేసి చూడుడు. నకలు చేయుటకు ప్రయోజనమే ఉండదు.

ఇక భాష. మాలో పలువురు తెలుగు లేక ఉర్దూ మాధ్యమమున చదివి వచ్చినవారు. తండ్రి షెడ్డులో లేత్ నడపుచు పెరిగినవారును ఉన్నారు. తెలుగున తరిమెన, ఉర్దూలో ఖరాద్, ఆకురాయికి రేతీ. ఆ మాటలతో పని తెలిసినవాడు మౌఖిక పరీక్షలో ఇంగ్లీషు వాక్యము కుదరక తల వంచుకొనును. ఏనాడును లేత్ ముట్టనివాడు నిర్వచనము వల్లించి గట్టెక్కును. ఈ గడ్డకు ఈ సమస్య క్రొత్త కాదు. 1917లో అనువాద శాఖను నెలకొల్పి, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము శాస్త్రములను ఉర్దూలో బోధించినది. పారిభాషిక పదములను కల్పించుట ఎట్లో వహీదుద్దీన్ సలీం ఒక గ్రంథమే వ్రాసెను. 1948 తరువాత ఆ మాధ్యమము పోయినది. 2021లో ఏ.ఐ.సి.టి.ఇ. ప్రాంతీయ భాషలలో ఇంజనీరింగు బోధనకు తిరిగి అనుమతించినది. మొత్తము చదువును మార్చుమని మేము కోరుట లేదు. ఉద్యోగమునకు ఇంగ్లీషు అవసరమని ఎరుగుదుము. మౌఖిక పరీక్షలోను, ప్రయోగశాల చర్చలోను విద్యార్థి తనకు వచ్చిన భాషలో మాటలాడిన మార్కు తగ్గరాదు. అంతే మా కోరిక.

కమిటీ పెద్దలకు మా విజ్ఞప్తి పెద్దది కాదు. రాబోవు విద్యాసంవత్సరమునకు మొదటి సంవత్సరపు వర్క్‌షాపు గంటలలో సగము ఇనుప ముక్కలకే ఉండనీయుడు. ఆకురాయి పట్టు చేయి కుదుటపడుటకు అవి కావలెను. మిగిలిన సగమున అయిదారుగురికొక చేతిపంపు తలభాగమో, పాత మోపెడ్ ఇంజనో, పనికిరాని నీటి మోటారో ఇచ్చి, విప్పి, గీసి, కొలిచి, మరల నడుపుమనుడు. స్ప్రింగు త్రాసులు రెండు, వెర్నియరు కాలిపర్లు మరికొన్ని కొనవలసి ఉండును. ఆ గంటలలో గణితము, భౌతికశాస్త్రము చెప్పు అధ్యాపకులలో ఒకరు వర్క్‌షాపులోనే ఉండవలెను. మన వర్క్‌షాపు మేస్త్రీకి మార్కులలో మాట ఉండవలెను. మరియు సాయంత్రము నాలుగు గంటలకు పడుచున్న వర్క్‌షాపు తాళము, వారమునకు రెండు దినములైనను, ఆరు గంటలకు పడునట్లు ఉత్తరువు చేయవలెను.