కార్లకు రెండంతస్తులు, బిడ్డలకు గది లేదు

విజయవాడలో బందరురోడ్డు ప్రక్కన నొక ఏడంతస్తుల భవనము కలదు. దాని పేరు చెప్పను. అట్టివి మన పట్టణములన్నిటను గలవు గావున చెప్పవలసిన అక్కఱయు లేదు. అందు ఇరువదికి పైగా ఆఫీసులున్నవి. నేల క్రింది రెండంతస్తులు కార్లకును స్కూటర్లకును విడువబడినవి. కరెంటు పోయిన మరుక్షణమున జనరేటరు మ్రోగును. ఇటీవల పై అంతస్తున వ్యాయామశాలయు వెలసినది. పాలుద్రావు బిడ్డను పండుకొనబెట్టుటకు మాత్రము అందు ఒక్క గది లేదు.

నా చెల్లెలు ఆ భవనమున నాలుగవ అంతస్తునందలి యొక ఆడిటరు ఆఫీసులో పనిచేయుచున్నది. ప్రసూతి సెలవు ముగిసి ఆమె మరల పనిలో చేరునాటికి బిడ్డకు ఐదవ నెల. ప్రక్కవీథిలోని యొక ఇల్లాలికి నెలకింతయని యిచ్చి, ఉదయము బిడ్డను వదలి వచ్చుచుండెను. ఒకనాటి మధ్యాహ్నము బిడ్డ ఒడలు కాలిపోవుచున్నదని ఫోను వచ్చినది. బస్సు దొరకి, ఆమె ఇల్లు చేరునప్పటికి గంటన్నర పట్టినది. దైవవశమున బిడ్డకేమియు కాలేదు. కాని ఆ రాత్రియే ఆమె రాజీనామా పత్రము వ్రాసికొన్నది.

నేను వద్దంటిని. వద్దనుటకు అన్నకు ఖర్చేమున్నది? ఆ సిగ్గుతోనే ఒక విన్నపము వ్రాసి, ఆ భవనమున పనిచేయు అరువదిమందిచేత సంతకములు చేయించి, భవన నిర్వాహకుని యొద్దకు పోయితిని. సంతకము చేసినవారిలో పందొమ్మిదిమంది పురుషులు. ఇది నాకు సంతోషము గలిగించినది.

నిర్వాహకుడు మర్యాదస్థుడు. కాఫీ తెప్పించి, విన్నపము తుదివఱకు చదివి యిట్లనెను: "మాస్టారూ, శిశుశాల పెట్టుమని చట్టము చెప్పినది ఏబదిమంది ఉద్యోగులున్న సంస్థకు గదా! మా భవనములో అంతమందిగల కంపెనీ ఒక్కటియు లేదు. మీరడిగినది మంచిదే కావచ్చును గాని, మమ్ము నిర్బంధించుటకు వీలులేదు."

ఆయన చెప్పిన లెక్క తప్పు కాదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనముల చట్టమును 2017 లో సవరించినపుడు సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచిరి. ఏబదిమందికి తక్కువగాని సంస్థలు శిశుశాల నేర్పఱుపవలెననియు, తల్లి దినమునకు నాలుగు పర్యాయములు బిడ్డను చూచివచ్చుటకు అనుమతింపవలెననియు విధించిరి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఆ నియమము నిలిచియున్నది. కాని శిశుశాలను విడిగా గాని, ఇతరులతో గూడి ఉమ్మడిగా గాని పెట్టవచ్చునని ఆ సవరణమే చెప్పినది గదా! ముప్పదేసిమందిగల ఇరువది ఆఫీసులు ఒకే కప్పు క్రింద ఉన్నపుడు ఆఱువందలమంది యగుదురు. లిఫ్టు ఉమ్మడి, జనరేటరు ఉమ్మడి, కావలివాడు ఉమ్మడి; ఒక్క బిడ్డల మాట వచ్చునప్పటికి ఎవరి లెక్క వారిదా?

ఇందొక వింత కలదు. ఇట్టి భవనము కట్టుచున్న కాలమున ఏబదిమందికి మించిన స్త్రీలు అందు కూలిపని చేయుచున్నచో, వారి బిడ్డలకు గది చూపవలెనని 1996 నాటి భవననిర్మాణ కార్మికుల చట్టము శాసించినది. అంతకు చాల ముందే, 1969 లో, ఢిల్లీలో కట్టడపు పనులయొద్ద దుమ్ములో పడియున్న బిడ్డలను చూచి మీరా మహదేవన్ గారు మొబైల్ క్రెషెస్ సంస్థ నారంభించిరి. ఇటుకలు మోయు తల్లికి గుడారములోనైన దొరకిన యీ సాయము, గోడలు లేచి, రంగులు పడి, చలువయంత్రములు బిగించిన తరువాత లేకుండ పోవుట ఏమి న్యాయము?

స్థలము లేదనిరి. నేను బడిపంతులను, కొలతలు నాకలవాటే. ఒక కారు నిలుచుటకు రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు కావలెను. ఆఱు కార్ల చోటు డెబ్బదియైదు చదరపు మీటర్లు, అనగా ఎనిమిదివందల చదరపు అడుగులు. అఱువదివేల అడుగుల భవనమున నిది డెబ్బదియైదవ వంతు. బిడ్డలను నేల క్రింద పెట్టుమని నేననను. గాలియు వెలుతురును గల నేల అంతస్తులో అంతపాటి చోటు విడువుడనియే నా విన్నపము. ఖర్చును చదరపు అడుగుల వంతున అందఱి నెలవారీ నిర్వహణ రుసుములోను చేర్చవచ్చును. వ్యాయామశాలకట్లే చేర్చిరి గదా! ఏడ్పుల సద్దు ఆఫీసులకు వినబడునన్నారు. జనరేటరు సద్దు వినబడుటలేదు కాబోలు.

"ఏదైన ప్రమాదము జరిగినచో బాధ్యత యెవరిది?" అనిరి. ఈ ప్రశ్నను నేను కొట్టివేయను. నేల అంతస్తు కోరుటకు కారణమిదియే: అగ్నిప్రమాదమునాడు బిడ్డలను మెట్లమీదుగ దింపు పని యుండరాదు. శిక్షణ పొందిన ఆయాలు, వచ్చిపోవువారి పద్దు, తల్లిదండ్రులలోనుండి యొక పర్యవేక్షక సంఘము, ఇవన్నియు కావలెను. అయినను ఎవరును చూడని ప్రక్కవీథి యింటిలో నిప్పుడున్న ప్రమాదము ఎవరి పద్దులో వ్రాయుదుము?

కడపట ఆయన నవ్వుచు, "ఇంట అమ్మమ్మలు లేరా మాస్టారూ?" అనిరి. నన్ను నొప్పించినది ఈ మాటయే. మా అమ్మకు అఱువదియెనిమిదేండ్లు, మోకాళ్ళు లేవవు. ఐదుగురిని కని పెంచినది. ముదిమిలో నామెను జీతము లేని ఆయాను చేసి, దానికి మన సంప్రదాయమని పేరుపెట్టుదుమా? మనుమని ఎత్తికొని ముద్దాడుట వేఱు, దినమునకు పదిగంటలు వానివెంట పరుగెత్తుట వేఱు. తాతల నెవ్వరును అడుగరేమి? తండ్రుల నేల అడుగరు? అందుచేతనే ఈ గది పురుషోద్యోగుల బిడ్డలకును తెఱచియుండవలెనని విన్నపమున వ్రాసితిని.

ఇతరులను దూఱుచున్న నేను నిర్దోషిని కాను. కొన్నియేండ్ల క్రిందట మా బడిలో నొక ఉపాధ్యాయిని పటములు పెట్టు గదిలో చాపవేసి బిడ్డను పండుకొనబెట్టుచుండెడిది. బిడ్డ ఏడ్చినపుడెల్ల పాఠము చెడినదని విసుగుకొన్నవారిలో నేనొకడను. ఆమె ఆ యేడు ముగియకయే పని మానినది. మంచి లెక్కల టీచరు. ఆమె స్థానమున మరొకరు వచ్చిరి. మేమెవ్వరమును ఆ సంగతి మరల మాటలాడుకొనలేదు.

భవన యజమానుల సంఘము వచ్చునెల మొదటి శనివారమున కూడునట. విన్నపమును వారి ముందుంచెదనని నిర్వాహకుడు మాట యిచ్చెను. నేల అంతస్తు కొలతలు గల పటము నొకటి గీసి, దానితో జతచేసి పంపితిని. ఆ యజమానులలో గాని, వారి యింటివారిలో గాని ఈ పత్రిక చదువువారుండవచ్చును. నా చెల్లెలి రాజీనామా పత్రము తేదీ వేయక ఆమె సొరుగులో నున్నది.