ఏ దిక్కుకు పోను?

ఇంగ్లీషు పత్రిక చదివే పిల్లలను తికమకపెట్టే మాటల గుంపు ఒకటుంది: ఎమిగ్రెంటు, ఇమిగ్రెంటు, ఎవాక్యుయీ, రిపాట్రియేటు, రెఫ్యూజీ. నిఘంటువు తెరిస్తే అన్నీ 'వలస'కు చుట్టాల్లాగే కనబడతాయి. చుట్టాలే కావచ్చు గాని, ఎవరి వాటా వారిదే.

మొదటి రెండూ సులువు. మనిషి ఒకడే, చూసేవాళ్ల గట్టు వేరు. సూళ్లూరుపేట వదిలి అమెరికాలో స్థిరపడబోయేవాడు మనకు ఎమిగ్రెంటు, అక్కడివాళ్లకు ఇమిగ్రెంటు. చదువు కోసం వీసా మీద వెళ్లినవాడో? అమెరికా చట్టం లెక్కలో వాడు 'నాన్ ఇమిగ్రెంటు'. పెళ్లిసంబంధాలు చూసే పెద్దలు ఈ తేడా కాస్త గమనించాలి.

ఎవాక్యుయీకి మన తెలుగువాళ్లే నిదర్శనం. 1941 డిసెంబరులో జపానువాళ్లు రంగూను మీద బాంబులు వేశారు. అక్కడి రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ పనిచేస్తున్న మనవాళ్లు మూటాముల్లె సర్దుకున్నారు. ఓడ దొరికినవాళ్లు ఓడెక్కారు. దొరకనివాళ్లు కొండలూ అడవులూ పడి నడిచారు. 1942లో ఎందరో అలా దేశం చేరారు, ఎందరో దారిలోనే రాలిపోయారు. ఎవాక్యుయీ అంటే ప్రమాదమున్న చోటు ఖాళీచేసి వచ్చినవాడు. ప్రమాదం తప్పితే మళ్లీ పోవచ్చుననే ఆశ ఆ మాటలో కొంచెం మిగిలి వుంది.

రిపాట్రియేటు అంటే స్వదేశం తిరిగి వచ్చినవాడు. 1964 అక్టోబరు 30న లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే చేసుకున్న ఒప్పందం ప్రకారం, సింహళం నుంచి 5,25,000 మందిని భారతదేశం తన పౌరులుగా తీసుకోవాలి. వారిలో తేయాకు తోటల్లోనే పుట్టి, ఇండియా ముఖమెరగనివాళ్లెందరో! ఎన్నడూ చూడని చోటికి 'తిరిగి' రావడమేమిటండీ? అయినా ఆ మాట వాళ్లకొక మేలు చేసింది. పౌరసత్వమిచ్చింది.

ఇక రెఫ్యూజీ. 1685 తర్వాత మతహింసకు తాళలేక ఫ్రాన్సు వదిలిన ప్రొటెస్టెంట్ల వెంట ఇంగ్లండు చేరిన ఫ్రెంచిమాట ఇది. జాతి, మతం, రాజకీయాభిప్రాయం వంటి కారణాలతో హింస తప్పదన్న భయానికి తగిన ఆధారం వుండాలని 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడిక చెబుతుంది. దాని మీద మన దేశం సంతకం చేయలేదు.

మా వూళ్లో మద్రాసు రైలెక్కితే దారిలో గుమ్మిడిపూండి వస్తుంది. 1983 అల్లర్ల తర్వాత శ్రీలంక నుంచి వచ్చిన తమిళుల శిబిరం అక్కడుంది. అలాంటి శిబిరాల్లోనే పుట్టి పెరిగిన పిల్లలకూ రెఫ్యూజీ అనే పేరే పడింది. 2021లో తమిళనాడు ప్రభుత్వం వాటిని పునరావాస శిబిరాలని పిలవాలంది. మంచిదే. కాని బోర్డు మారినంతలో పౌరసత్వం రాదు గదా! రిపాట్రియేటు దాటిందీ, రెఫ్యూజీ దాటిందీ ఆ సముద్రమే. చేతికొచ్చిన కాగితాలే వేరు.

మనవాళ్లు బర్మానుంచి వచ్చినవారిని 'కాందిశీకులు' అన్నారు. సంస్కృతంలో 'కాం దిశం' అంటే 'ఏ దిక్కుకు?' అని. ఏ దిక్కుకు పోనని బెదిరి పరుగెత్తేవాడే కాందిశీకుడు. రెఫ్యూజీ అన్న మాట చేరవలసిన నీడను చూస్తుంది, మన మాట పరుగెత్తే మనిషి ముఖం చూస్తుంది. పిల్లలు ఇంగ్లీషు మాటలన్నీ బాగా నేర్చుకోవలసిందే. వాటితోబాటు ఈ ఒక్క తెలుగుమాటకు అర్థం చెప్పడం మాత్రం పెద్దలు మరవకూడదు.