ఆ రెండున్నర నిమిషాలు!

బల్ల మీద ఓ చిన్న రోబో. దాదాపు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న ఆ బల్లే దాని లోకం. బటన్ నొక్కగానే బయల్దేరాలి. మూల దాకా వెళ్లాలి. ఎడమకు తిరిగి, అక్కడున్న మీటను పైకి లేపాలి. నిన్న సాయంత్రం బడిలో పదిసార్లు పంపితే పదిసార్లూ చక్కగా చేసింది. ఇవాళ పోటీలో మాత్రం బెత్తెడు దూరం ముందే ఆగి, ఎడమకు తిరిగి, ఖాళీ గాల్లోకి చెయ్యెత్తి దణ్నం పెట్టింది!

'చక్రాలు తుడిచావా?'

'నువ్వు తుడుస్తానన్నావు కదా!'

గడియారం ఆగదు. అమ్మానాన్నలు కుర్చీల్లోంచి లేచిపోయారు. నేర్పిన సారు దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన ముందుకొచ్చి చెయ్యి పెట్టడానికి లేదు. ఏం చేయాలో ఆ పదకొండేళ్ల బుడతలే తేల్చుకోవాలి.

పిల్లల రోబో పోటీలు ఏ ఊళ్లో జరిగినా ఇలాంటి దృశ్యం ఒకటైనా కనిపిస్తుంది. చెప్పినట్టు వినే రోబో పిల్లలకు చప్పట్లు తెచ్చిపెడుతుంది. పాఠం నేర్పేది మాత్రం మొండికేసిన రోబోనే!

బడి వ్యాయామశాలలో మొదలై...

అమెరికాకు చెందిన డీన్ కామెన్ పేరున్న ఆవిష్కర్త. రెండు చక్రాల మీద నిలబడి నడిపే సెగ్వే ఆయన సృష్టే. క్రీడాకారులను ఆరాధించే పిల్లలు సైన్సును కూడా అంత ఇష్టంగా చూడాలన్నది ఆయన కోరిక. అందుకే 1989లో 'ఫస్ట్' అనే సంస్థను ప్రారంభించాడు. 1992లో న్యూహాంప్‌షైర్‌లోని ఓ బడి వ్యాయామశాలలో తొలి పోటీ పెడితే వచ్చినవి 28 జట్లు. అవి హైస్కూలు పిల్లలవి. ఇంకా చిన్నవాళ్ల కోసం 1998లో ప్లాస్టిక్ ఇటుకల బొమ్మల సంస్థ లెగోతో చేతులు కలిపాడు. అలా పుట్టిందే ఫస్ట్ లెగో లీగ్. తర్వాత అది మన దేశానికీ వచ్చింది. 2004లో మొదలైన వరల్డ్ రోబో ఒలింపియాడ్ కూడా ఇలాంటిదే.

లెగో లీగ్‌లో ఏటా ఒక అంశం ఇస్తారు. 2023-24లో కళలు, 2024-25లో సముద్రాలు, 2025-26లో పురావస్తు శాస్త్రం. ఆ అంశానికి తగ్గ బొమ్మలు బల్ల మీద ఉంటాయి. వాటిని తోయడం, ఎత్తడం, మోసుకురావడం రోబో పని. రిమోట్ ఉండదు. ముందే రాసిన ప్రోగ్రాం ప్రకారం తనంతట తనే నడవాలి. సమయం రెండున్నర నిమిషాలు. దారిలో చిక్కుకుపోయిందని చేత్తో తీసుకొస్తే ముందుగా ఇచ్చిన ఆరు టోకెన్లలో ఒకటి పోతుంది. ఒకటి పోయినా నష్టం లేదు. ఆపై ఒక్కోటీ పోతుంటే మార్కులకు కోతే!

చుట్టుకు ఎన్ని సెంటీమీటర్లు?

కోడింగ్ అనగానే తెరనిండా అర్థంకాని అక్షరాలు గుర్తొస్తాయి. ఇక్కడ మొదట్లో అవేమీ ఉండవు. 'ముందుకు వెళ్లు', 'ఆగు', 'తిరుగు' అనే రంగురంగుల దిమ్మెలను తెర మీద ఒకదానికింద ఒకటి పేర్చడమే. కాస్త పెద్దయ్యాక పైథాన్‌లోకి వెళ్తారు.

రోబో చక్రం వ్యాసం 5.6 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్క చుట్టు తిరిగితే దాదాపు 17.6 సెంటీమీటర్లు కదులుతుంది. మరి 88 సెంటీమీటర్లు వెళ్లాలంటే? అయిదు చుట్లు. 'వృత్త పరిధి ఎందుకు నేర్చుకోవాలి?' అని తరగతిలో విసుక్కున్న పిల్లాడే ఇక్కడ టేపు పట్టుకుని కొలుస్తాడు!

లెక్క సరిపోయింది. అయినా రోబో బెత్తెడు ముందే ఎందుకు ఆగింది? బ్యాటరీ తగ్గి ఉండొచ్చు. టైరుకు దుమ్ము పట్టి జారి ఉండొచ్చు. బయల్దేరేటప్పుడే కాస్త వంకరగా పెట్టి ఉండొచ్చు. కాగితం మీది లెక్కకూ నేల మీది నడకకూ ఉన్న ఈ తేడా ఏ పాఠ్యపుస్తకం చదివినా ఇంతగా మనసుకెక్కదు.

పిల్లలు మెల్లగా ఉపాయాలు కనిపెడతారు. రోబో వంకర పోతుంటే బల్ల అంచు గోడకు దాని వీపు ఆనించి నిటారు చేస్తారు. చుట్లు లెక్కపెట్టడం మానేసి, రంగును గుర్తించే సెన్సర్‌తో 'నల్లగీత కనిపించేదాకా నడువు' అని చెబుతారు. అన్నిటికంటే పెద్ద ఉపాయం మరోటుంది. ఒకేసారి నాలుగు మార్పులు చేయకూడదు. ఒక్కటే మార్చాలి, చూడాలి, రాసుకోవాలి. ఇంజినీర్లు జీవితమంతా చేసేది అదే.

'ఇది ఎవరు రాశారు?'

ఇక ఇద్దరి నుంచి పదిమంది దాకా ఉండే జట్టు సంగతి. ఇటీవలి సీజన్లలో బల్ల మీది ఆటకు ఉన్న విలువ మొత్తంలో నాలుగో వంతే. రోబో నిర్మాణం, ఆ ఏటి అంశంపై పిల్లలు చేసిన ప్రాజెక్టు, జట్టుగా మెలిగిన తీరు... వీటికీ అంతే విలువ. న్యాయనిర్ణేతలు పిల్లలను కూర్చోబెట్టి 'ఈ భాగం ఎవరు రాశారు? గొడవ వస్తే ఎలా తేల్చుకున్నారు?' అని అడుగుతారు. ఒక్కడే అంతా చేసి మిగతావాళ్లు చూస్తూ నిలబడ్డ జట్టు ఆ గదిలో తేలిపోతుంది.

ఎంఐటీ ఆచార్యుడు వుడీ ఫ్లవర్స్ ఈ పోటీలకు 'గ్రేషస్ ప్రొఫెషనలిజం' అనే మాటనిచ్చారు. గట్టిగా పోటీపడు, ఎదుటివాణ్ని గౌరవించు అని దాని సారాంశం. అందుకే పక్క జట్టుకు కేబుల్ పోతే తమది తీసిచ్చే పిల్లలు ఇక్కడ కనిపిస్తారు. ర్యాంకుల కోసం నోట్సు దాచుకునే కాలంలో ఇది చిన్న సంగతేం కాదు.

డబ్బున్నవాళ్ల ఆటేనా?

కిట్లు ఖరీదైనవే. రుసుములు, ప్రయాణాలు అదనం. అయినా డబ్బొక్కటే గెలిపించదని చెప్పే ఉదంతం ఒకటుంది. 2004లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో నీటి అడుగున పనిచేసే రోబోల పోటీ జరిగింది. అరిజోనాలోని ఫీనిక్స్ నుంచి కార్ల్ హేడెన్ హైస్కూలు జట్టు వచ్చింది. నలుగురు కుర్రాళ్లు. చిన్నప్పుడే మెక్సికో నుంచి వచ్చిన పేద కుటుంబాలవాళ్లు, సరైన వలస పత్రాలు లేనివాళ్లు. దాదాపు 800 డాలర్లతో పీవీసీ గొట్టాలు అతికించి రోబో చేశారు. జిగురు కంపు కొడుతోందని దానికి 'స్టింకీ' అని పేరు పెట్టారు! పైగా పోటీపడింది కాలేజీలవాళ్లతో.

అక్కడికెళ్లాక ఎలక్ట్రానిక్స్ ఉన్న పెట్టెలోకి నీరు కారడం మొదలైంది. విప్పి బాగుచేసే వ్యవధి లేదు. నీటిని పీల్చే వస్తువేదైనా కావాలి. నెలసరి సమయంలో ఆడవాళ్లు వాడే ట్యాంపన్లయితే? ఒక కుర్రాడు సిగ్గుపడుతూనే దుకాణానికెళ్లి కొనుక్కొచ్చాడు. పెట్టెలో పెట్టారు. ఉపాయం పారింది! తుది ఫలితాల్లో ఎంఐటీ జట్టుకు రెండో స్థానం, ఈ నలుగురికీ మొదటి స్థానం. 2015లో వాళ్ల కథ 'స్పేర్ పార్ట్స్' పేరుతో సినిమాగానూ వచ్చింది.

మన దగ్గరా దారులు లేకపోలేదు. కేంద్రం 2016లో అటల్ ఇన్నోవేషన్ మిషన్ మొదలుపెట్టింది. 6 నుంచి 12 తరగతుల పిల్లల కోసం దేశమంతటా 10 వేల దాకా అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఏర్పాటయ్యాయి. ఒక్కోదానికి సాయం రూ.20 లక్షల దాకా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల్లోనూ ఇవి ఉన్నాయి. అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేలు పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. అయితే తాళం వేసిన గదిలో కిట్లు ఎన్ని ఉన్నా ఒక్కటే. మీ పిల్లల బడిలో ల్యాబ్ ఉందా, వారానికి ఎన్ని గంటలు తెరుస్తున్నారు... తల్లిదండ్రుల సమావేశంలో మార్కులతోపాటు ఇదీ అడగొచ్చు.

చెయ్యి వెనక్కి తీసుకోండి

ఈ ఆటను పాడుచేయగలిగేది పిల్లలు కాదు, పెద్దలే. పోటీ దగ్గరపడగానే నాన్న లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. 'ఈసారికి మేం సరిచేస్తాంలే' అంటాడు కోచింగ్ సెంటర్ సారు. రోబో గెలుస్తుంది. పిల్లాడికి మాత్రం తన ప్రోగ్రాంలో ఏముందో తెలియదు. కప్పు షోకేసులోకి చేరుతుంది, 'నావల్ల కాదు కాబట్టే నాన్న చేశాడు' అన్న మాట మనసులోకి చేరుతుంది. ఏది ఎక్కువ కాలం ఉంటుందో పెద్దలే ఆలోచించాలి.

పోటీ నుంచి ఇంటికొచ్చిన పిల్లల్ని 'ఎన్నో ప్లేసు?' అని అడగడం అలవాటు. ఈసారి 'ఎక్కడ చెడింది? ఎలా సరిచేశారు? ఎవరు సాయం చేశారు?' అని అడిగి చూడండి. అన్నం చల్లారిపోయేదాకా చెబుతూనే ఉంటారు.

అన్నట్టు, ఆ బల్ల దగ్గరి పిల్లలిద్దరూ ఏం చేశారు? పోట్లాట ఆపి, ఒక టోకెన్ వదులుకుని రోబోను వెనక్కి తెచ్చారు. ఒకరు టైర్లు తుడిచారు, మరొకరు దాన్ని గోడకు ఆనించి నిటారుగా నిలబెట్టారు. మళ్లీ బటన్ నొక్కారు. మీట లేచింది. అప్పటికి గడియారంలో ఇంకా పదకొండు సెకన్లున్నాయి!