మగపెళ్లివారి హడావుడి కోనలో ఎందుకు?

నెల్లూరు తీరాన ఏ పల్లెకు వెళ్లినా ఒక పెంచలయ్యో, పెంచలమ్మో ఎదురవుతారు. వలలు ఆరవేసుకునే సముద్రపుటొడ్డున పుట్టిన బిడ్డకు పడమటి వెలిగొండల్లోని కోన పేరు పెట్టుకుంటారు. ఈ సీమవారికి పెంచలకోన అంతటి ఇలవేల్పు.

రాపూరు దాటి, గోనుపల్లి మీదుగా కోన చేరేసరికి కొండలు చుట్టూ కమ్ముకుంటాయి. పెనవేసుకున్న శిలలుగా వెలసినందున స్వామి పెనుశిల లక్ష్మీనరసింహుడైనాడని స్థలపురాణం. హిరణ్యకశిపుని వధించినా చల్లారని ఆగ్రహం ఈ అడవిలో చెంచులక్ష్మిని చూసిన మీదట శాంతించిందట. ఆ పరిణయానికి అలిగిన ఆదిలక్ష్మి అమ్మవారు వేరుగా, కొంత దూరాన కొలువుదీరింది. అలకలు దేవుళ్ల ఇళ్లలోనూ తప్పవు కాబోలు!

ఈ కథను భక్తితో వింటాం గానీ, అందులోని బంధుత్వాన్ని మరచిపోతున్నాం. కోన అమ్మవారి పుట్టినిల్లు. స్వామి ఆ ఇంటి అల్లుడు. ఆయన వెంట వచ్చిన మనం మగపెళ్లివారం. పెళ్లివారు విడిదింట్లో ఎలా మసలుకోవాలో మన పెద్దలకు తెలియనిది కాదు. అయినా కార్లలో పాటలు హోరెత్తించుకుంటూ వస్తున్నాం. తిన్న విస్తరి, తాగిన సీసా వాగు పక్కనే వదలి వెళుతున్నాం. కోతులకు చిరుతిళ్లు విసిరి, అవి మీదికి వస్తే తిట్టుకుంటున్నాం.

కోననే ఇల్లుగా చేసుకున్నవారి సంగతి ఆలోచించండి. అర్చకులు, చిన్న దుకాణాలవారు, చుట్టుపక్కల గిరిజన కుటుంబాలు. శనివారపు రద్దీ వారికి జీవనాధారమే, కాదనను. కానీ జనం వెళ్లిపోయాక మిగిలే చెత్తతో కాపురం చేయవలసింది కూడా వారే. వృద్ధులకు గదులు, స్త్రీలకు మరుగుదొడ్లు, అందరికీ మంచినీరు అవసరమే. వాటికి మించిన ఆర్భాటం అవసరమా అన్నదే నా ప్రశ్న.

కణ్వ మహర్షి ఇక్కడ తపస్సు చేశాడని, ఆయన పేరిటి నదే కండలేరయిందని పెద్దలంటారు. ఆ కండలేరు కృష్ణపట్నం వద్ద సముద్రాన్ని చేరుతుంది. దానిపై కట్టిన జలాశయం నుండే తెలుగుగంగ నీరు చెన్నపట్నానికి వెళుతుంది. అంటే ఈ కొండల వాగుల్లో కలిసిన మలినం కోనతో ఆగేది కాదు. 1997లో ఈ అడవులను స్వామి పేరిటే వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడ మృగాలకు కూడా ఆయనే యజమాని అన్నమాట.

మొక్కుకుని కోనలో ఒక రాత్రి నిద్ర చేయడం మన కుటుంబాల్లో ఉన్నదే. ఆ రాత్రి చెవిన పడవలసింది గాలి, వాగు, ఎక్కడో ఒక పక్షి కూత. వైశాఖ బ్రహ్మోత్సవాల్లో మేళతాళాలు మోగాలి, మోగనివ్వండి. తక్కిన రోజుల్లో స్వామివారు పవళించిన తరువాత తెల్లవారేదాకా ఒక్క మైకు కూడా పలకకుండా చూడమని దేవస్థానంవారిని అడుగుదాం. ఆ అర్జీ మీద మొదటి సంతకాలు కోనలో నిద్ర చేసి వచ్చిన భక్తులవైతే మరీ మంచిది.