ఫిల్టర్ కొందాం, వీధి దీపాన్ని మాత్రం వదలొద్దు

వైజాగ్‌లో ఉండి ఆస్ట్రోఫొటోగ్రఫీ అంటే చాలామంది నవ్వుతారు. ఒకవైపు పోర్టు హైమాస్ట్ లైట్లు, ఇంకోవైపు స్టీల్ ప్లాంటు, మధ్యలో రాత్రంతా వెలిగే ఊరు. "నక్షత్రాలు కావాలంటే అరకు పో, ఇంకా బాగా కావాలంటే లదాఖ్ పో" అంటారు. సెమిస్టర్ మధ్యలో బస్సు ఛార్జీలు లెక్కపెట్టుకునే మనకి ఆ సలహా ఎందుకూ పనికిరాదు. హాస్టల్ మేడ మీద నుంచే నెబ్యులా ఫొటో తీయొచ్చని నేనంటాను. అందుకు దారి చూపేది చవకైన నారోబ్యాండ్ ఫిల్టర్. అయితే అది ఏం చేయలేదో కూడా తెలుసుకుని కొనాలి.

ముందు అసలు అదేంటో చూద్దాం. ఓరియన్ నెబ్యులా లాంటి వాయు మేఘాల వెలుగులో ఎక్కువ భాగం కొన్ని సన్నని గీతల్లోనే ఉంటుంది. హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రగా, ఆక్సిజన్ 500.7 దగ్గర నీలం కలిసిన ఆకుపచ్చగా వెలుగుతాయి. ఊరి వెలుగు మాత్రం 400 నుంచి 700 దాకా పరుచుకుని ఉంటుంది. 7 నానోమీటర్ల హైడ్రోజన్ ఫిల్టర్ అంటే ఆ ఎర్ర గీత చుట్టూ అంత సందు మాత్రమే వదిలే గాజు బిళ్ళ. 300లో 7 అంటే, ఊరి వెలుగులో సుమారు నలభయ్యో వంతే లోపలికి వస్తుంది. నెబ్యులా ఎరుపు మాత్రం దాదాపు అంతా వచ్చేస్తుంది.

ఈ ఐడియాకి మన గుంటూరుతో చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచ్ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. గ్రహణంలో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్ని స్పెక్ట్రోస్కోప్‌లో చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. గ్రహణం లేకపోయినా ఈ గీతలు దొరకాలి కదా అనుకుని మర్నాడు పట్టపగలే మళ్ళీ చూశాడు, కనిపించాయి. ఆకాశం ఎంత వెలుగుగా ఉన్నా, కావాల్సిన గీతని మాత్రం విడదీసి చూస్తే వస్తువు బయటపడుతుంది. మన ఫిల్టర్ చేసేదీ అదే పని.

ఇప్పుడు వైజాగ్‌లో ఇది ఎందుకు అవసరం? పాత సోడియం దీపాల వెలుగు ఎక్కువగా 589 నానోమీటర్ల చుట్టూ పసుపులో ఉండేది. ఆ ముక్కని కోసేసే మామూలు ఫిల్టర్లు కొంతవరకు సరిపోయేవి. 2014 హుద్‌హుద్ తర్వాత ఊళ్ళో వీధి దీపాలు ఎల్ఈడీలయ్యాయి. కరెంటు ఆదా అయింది, మంచిదే. కానీ తెల్ల ఎల్ఈడీ వెలుగు రంగులన్నిటిలోనూ ఉంటుంది కాబట్టి ఒక ముక్క కోస్తే చాలదు. సన్నని సందు తప్ప మిగతా అంతా మూసేయాల్సిందే.

"చవక ఫిల్టర్‌తో ఏమొస్తుంది?" అని సీనియర్లు అడుగుతారు. పేరున్న 3 నానోమీటర్ల ఫిల్టర్ ఒక్కటే వందల డాలర్లు. చిన్న సైజు చవక ఫిల్టర్ పది వేల రూపాయల దరిదాపుల్లో దొరుకుతుంది. తేడా ఉంది: మెరిసే నక్షత్రాల చుట్టూ వలయాలు రావచ్చు, సందు వెడల్పు కాబట్టి ఊరి వెలుగు కాస్త ఎక్కువ వస్తుంది. కానీ ఎఫ్/2 లాంటి వేగమైన లెన్స్ వాడితే కాంతి వాలుగా పడి, ఫిల్టర్ సందు నీలం వైపు జరుగుతుంది. మరీ సన్న ఫిల్టరైతే అసలు గీతే తప్పిపోవచ్చు. అప్పుడు వెడల్పు సందే నయం. కలర్ కెమెరా ఉన్నవాళ్ళకి హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ వదిలే డ్యుయల్‌బ్యాండ్ ఫిల్టర్ మేలు. ఎందుకంటే ఒక్క ఎరుపే వస్తే సెన్సర్‌లో నాలుగో వంతు పిక్సెల్స్‌కే పని. ఒక హెచ్చరిక: మామూలు డీఎస్ఎల్ఆర్‌లో కంపెనీ పెట్టిన ఫిల్టర్ ఈ ఎరుపులో చాలాభాగం ఆపేస్తుంది, అది తీయించాలి. ఆకాశంతో పాటు తిరిగే ట్రాకర్ కూడా ఉండాలి, ఎందుకంటే ఎక్స్‌పోజర్లు నిమిషాల్లో ఉంటాయి.

మిగతాది మన సీఎస్ఈ వాళ్ళ చేతిలో పని. సిరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వంద ఫొటోలు పేర్చితే నాయిస్ పదో వంతుకి తగ్గుతుంది. ఏప్రిల్ రాత్రుల్లో భీమిలి నుంచి దక్షిణంగా సముద్రం మీదకి చూస్తే, దిగంతానికి పన్నెండు డిగ్రీల ఎత్తులో కరీనా నెబ్యులా ఉంటుంది. లండన్ నుంచి అది ఎప్పటికీ కనపడదు. మనకి ఊరి బస్సెక్కితే చాలు.

ఇక హద్దు సంగతి. నక్షత్రాల వెలుగు కూడా అన్ని రంగుల్లో ఉంటుంది. అందుకని ఆండ్రోమెడా లాంటి గెలాక్సీకి, పాలపుంతకి, కృత్తికల చుట్టూ ఉన్న నీలి మేఘానికి ఈ ఫిల్టర్ చేసే సాయం దాదాపు లేదు. మామూలు కంటికి అయితే మరీ తక్కువ. గోడే వెంకట జగ్గారావు గారు 1840లో మన డాబాగార్డెన్స్‌లో సొంతంగా అబ్జర్వేటరీ కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని ఈ ఊరి నుంచే గమనించారు. ఈరోజు రాత్రి అదే డాబాగార్డెన్స్‌లో నిలబడి పైకి చూస్తే ఎన్ని చుక్కలు లెక్కపెట్టగలం?

నా భయం ఇదే. మన దగ్గర మంచి ఫొటోలు ఉన్నాయి కదా అని ఆకాశం పోయిన సంగతి మర్చిపోతాం. ఫిల్టర్ ఫొటోని కాపాడుతుంది, ఆకాశాన్ని కాదు. కెమెరా లేని పిల్లాడికి, మేడ మీద పడుకునే తాతయ్యకి అది ఏమీ చేయదు. వాళ్ళకి కావాల్సింది వెలుగుని పైకి పోనీయకుండా కిందకే పడేసే దీపాలు, కాస్త పసుపు రంగు బల్బులు, అర్ధరాత్రి దాటాక తగ్గే వెలుగు. వీటిలో ఏదీ రోడ్డుని చీకటి చేయదు, భద్రతకీ అడ్డు కాదు.

అందుకే రెండు పనులు కలిపి చేద్దామంటున్నాను. కాలేజీలో పదిమంది తలా వెయ్యి వేసుకుంటే ఒక ఫిల్టర్ వస్తుంది. సముద్రపు తేమకి బూజు పట్టకుండా సిలికా జెల్ డబ్బాలో పెట్టి, లైబ్రరీ పుస్తకంలా వంతులవారీగా వాడుకోవచ్చు. దాంతో తీసిన మొదటి ఫొటోని, మన గ్రౌండ్ ఫ్లడ్‌లైట్లకి మూతలు పెట్టించమనే అర్జీకి జతచేసి ప్రిన్సిపాల్ గారికి ఇద్దాం.